ఒక నిమిషం మౌనంలో రెండో స్టూడియో

ఆగండి. చేతిలో ఉన్న పని ఏదైనా సరే, కాసేపు పక్కన పెట్టి ఇది వినండి. మధ్యలో "అయితే ఏంటట" అని లేచిపోకండి, చివరికొచ్చాక మిమ్మల్ని ఒకటి అడగాలి.

మాది చిన్న రేడియో స్టేషన్. కింద ఫర్నిచర్ షాపు, మూడో అంతస్తులో మేము. రెండు స్టూడియోలు, వాటి మధ్య ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అంటుకోవాల్సినంత సన్నటి వరండా, దాని చివర అలమారా కంటే కాస్త పెద్ద గది. ఆ గదిలో ఇనుప ర్యాక్, ర్యాక్ నిండా వైర్లు, వైర్ల మధ్య నేను. చదువు అలా అయిందో లేదో మా మేనత్త నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టింది. అత్త మా స్టేషన్ అనౌన్సర్. ఊళ్ళో అత్త మొహం గుర్తుపట్టేవాళ్ళు తక్కువే. కానీ కొట్లో "ఒక సబ్బు ఇవ్వండి" అందంటే చాలు, వెనక నిలబడ్డవాళ్ళంతా తలలు తిప్పి చూస్తారు.

అత్త తర్వాత ఊరంతటికీ తెలిసిన గొంతు గరగర బాబాయ్‌ది. నాకు వరసకి ఏమీ కాడు, అందరికీ బాబాయే. గొంతు ఎప్పుడూ గరగరలాడుతుంది కాబట్టి ఆ పేరు. ప్రకటనల్లో తాతయ్యలు, దొంగలు, ఎలుగుబంట్లు, చెడిపోయిన ఫ్రిజ్‌లు, అన్నీ ఆయనే. మా స్టేషన్ పెట్టిన పెద్దాయన రోజూ ఆయన్ని తిట్టేవారు. ఆలస్యంగా వచ్చావని, కప్పు మైకు పక్కన పెట్టావని, మూడు సార్లు నవ్వాల్సింది రెండు సార్లే నవ్వావని. ఆ అరుపులు కింద సోఫాలు కొనుక్కునేవాళ్ళకి కూడా వినిపించేవి. పెద్దాయన వెళ్ళిపోగానే గరగర బాబాయ్ అచ్చం అదే గొంతుతో మమ్మల్ని తిట్టి నవ్వించేవాడు.

సరే, అసలు సంగతి. ఏ స్టూడియో గొంతు రేడియోలో వెళ్ళాలో తేల్చేది ఇదివరకు ర్యాక్ గదిలో ఉన్న ఒక పాత మీట. అత్త కార్యక్రమం అయిపోయి రెండో స్టూడియోది మొదలవ్వాలంటే ఎవరో ఒకరు వరండాలో పరిగెత్తుకుంటూ వచ్చి దాన్ని తిప్పాలి. తిప్పగానే రేడియోలో టప్‌మని శబ్దం. ఆ టప్పు విని ఊళ్ళో గడియారాలు సరిచేసుకుంటారని గరగర బాబాయ్ జోకు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఈ కాలంలో కూడా మీట తిప్పడమేంటండీ!

మేడమ్ వెంటపడ్డాను. మేడమ్ అంటే మా మేనేజర్. మాడ్యులర్ ఆడియో స్విచర్ కార్డు అని ఒకటి ఉంటుంది మేడమ్, అరచెయ్యంత పచ్చటి కార్డు, ర్యాక్‌లో ఫ్రేమ్ బిగించి అరలోకి తోస్తే చాలు, నాలుగు లైన్లు లోపలికి, ఒకటి బయటికి, ఏది కావాలంటే అది టప్పు గిప్పు లేకుండా మారిపోతుంది, ప్రతి స్టూడియోలో గోడకి చిన్న బటన్ల పెట్టె పెట్టుకోవచ్చు, నేను ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్‌లోంచి మార్చొచ్చు... ఊపిరి తీసుకోకుండా చెప్పాను. మేడమ్ అత్త వైపు చూసింది.

"ఏమంటారు? మీ మేనకోడలు చేయగలదా?"

"చేస్తుందండీ. బాధ్యత నాది," అంది అత్త.

ఈ మాట గుర్తుంచుకోండి.

కార్డు వచ్చిన రోజు నాకు అన్నం కూడా సహించలేదు. ఫ్రేమ్ వెనక స్క్రూలు ఒక్కొక్కటీ బిగించి, మొదటి స్టూడియో ఒకటో లైను, రెండో స్టూడియో రెండో లైను, బయటి నుంచి వచ్చే ఫోన్ మూడోది, పాటలు వాయించే కంప్యూటర్ నాలుగోది, అలా కలిపాను. ముందు నుంచి కార్డుని పట్టాల మీద పెట్టి మెల్లగా తోస్తే లోపల క్లిక్‌మంది. ఆకుపచ్చ దీపం వెలిగింది. నేను గట్టిగా కేకేశాను. గరగర బాబాయ్ పరిగెత్తుకొచ్చి "ఏమైందే, షాక్ కొట్టిందా?" అన్నాడు. "వెలిగింది బాబాయ్!" అన్నాను. "ఓస్, మా ఇంట్లో బల్బు కూడా రోజూ వెలుగుతుంది, నేనెప్పుడైనా కేకేశానా?" అని వెళ్ళిపోయాడు.

ఫోన్‌లో దాని పేజీ తెరిస్తే బోలెడు సదుపాయాలు. అందులో ఒకదానికి నేను పడిపోయాను. ఏదైనా లైను ఉన్నట్టుండి మూగబోతే కార్డు కాసేపు చూసి, తనంతట తనే శబ్దం ఉన్న ఇంకో లైనుకి మారిపోతుంది. అంటే మైకు వైరు తెగినా, ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోయినా రేడియో మూగబోదు. వెంటనే పెట్టేశాను. అందరినీ పిలిచి చూపించాను కూడా. అత్త మాట్లాడుతుండగా మైకు వైరు పీకేశాను. కొద్ది క్షణాలు నిశ్శబ్దం, తర్వాత దానంతటదే పాట. మేడమ్ చప్పట్లు కొట్టింది. అత్త నన్ను చూసి కళ్ళెగరేసింది.

అసలు కొంప అక్కడే మునిగింది. మూగబోతే ముందు ఏ లైనుకి వెళ్ళాలో నేను చెప్పాలి. నాలుగోది, అంటే పాటలది, ముందు పెట్టాలి. నేను ఆ వరస ముట్టుకోలేదు. అది వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు. ఆ రోజు రెండో స్టూడియోలో ఎవరూ లేరు, ఫోన్ లైనూ ఖాళీ, అందుకని రెంటినీ దాటుకుని పాటకి వెళ్ళింది. అది చూసి అంతా సరిగ్గా ఉందనుకున్నాను. చప్పట్లు కొడుతుంటే ఇంకేం పరీక్షిస్తాను చెప్పండి?

తర్వాతి వారం పెద్దాయన పోయారు. నిద్రలోనే. మర్నాడు పొద్దున ఆయన గౌరవార్థం రేడియోలో ఒక నిమిషం మౌనం పాటించాలని మేడమ్ నిర్ణయించింది. అత్త మొదటి స్టూడియోలో కూర్చుంది. మిగతావాళ్ళం వరండాలో గోడకి స్పీకర్ ఉన్నచోట తలలు వంచుకుని నిలబడ్డాం. గరగర బాబాయ్ మాత్రం లేడు. సాయంత్రం నివాళి కార్యక్రమానికి నాలుగు మాటలు రికార్డు చెయ్యమంటే, ప్రకటనలు తెచ్చే అన్నని తోడు తీసుకుని రెండో స్టూడియోలోకి వెళ్ళాడు. తలుపు వేస్తే లోపలికి బయటి చప్పుడు రాదు. టైము చూసుకోలేదు.

స్పీకర్‌లో అత్త గొంతు వినపడింది. "ఇప్పుడు ఆయన జ్ఞాపకార్థం ఒక నిమిషం మౌనం పాటిద్దాం."

మౌనం. కింద షాపులో కూడా ఎవరూ మాట్లాడటం లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. మౌనం అంటే మనకి మర్యాద, కార్డుకి మాత్రం మైకు చచ్చిపోయినట్టే లెక్క. ఆ ముక్క నా బుర్రకి తట్టనే లేదు.

స్పీకర్‌లోంచి గరగర బాబాయ్ గొంతు వచ్చింది.

"పోయాడ్రా ముసలాడు. ఇంక హాయి. చెవులు చిల్లులు పడేలా అరిచేవాడు లేడు, తిట్టేవాడు లేడు..."

వెనకాలే ప్రకటనల అన్న నవ్వు, కిసుక్కుమని.

మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా చేతిలో ఫోన్ ఉంది. పేజీ తెరిచి ఒకటో లైను నొక్కాను, చేత్తో నొక్కితే కార్డు ఇంక తనంతట తను మారదు. మళ్ళీ మౌనం. కానీ నొక్కే ముందు చూశాను. రెండో లైను పక్కన చిన్న అక్షరాల్లో "ఆటోమేటిక్" అని వెలుగుతోంది. ఎవరూ నొక్కలేదు. అదే మారింది. నేను మార్చమన్నాను కాబట్టి మారింది. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

రెండో స్టూడియో తలుపు తెరుచుకుంది. గరగర బాబాయ్ మెడలో హెడ్‌ఫోన్స్ వేలాడేసుకుని బయటికొచ్చి మమ్మల్ని చూసి ఆగాడు.

"ఏంటి, అందరూ అలా చూస్తున్నారేంటి?"

చివరికి మేడమ్ చెప్పింది, నువ్వన్నదంతా ఊరంతా వింది అని. ఆయన లోపలికి తిరిగి గోడ మీది బటన్ల పెట్టె వైపు చూశాడు, తన మోచెయ్యి వైపు చూసుకున్నాడు.

"దీని మీద ఆనుకుని కూర్చున్నా... తగిలుంటుంది. నా చెయ్యే తగిలుంటుంది."

తగల్లేదు. ఆ సంగతి ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసు. నోరు తెరవాల్సిన క్షణం అదే. కానీ అప్పుడే మేడమ్ నన్ను దగ్గరికి లాక్కుని "ఈ పిల్ల లేకపోతే ఇంకెంత పరువు పోయేదో! చూశారా, ఫోన్‌లోంచి క్షణంలో ఆపేసింది!" అంది. పాట పెట్టి స్టూడియోలోంచి వచ్చిన అత్త కళ్ళు తుడుచుకుంటూ నా భుజం మీద చెయ్యి వేసింది. అందరూ నన్నే చూస్తున్నారు. భూమి చీలిపోయి అందులోకి పోతే బాగుండుననిపించింది. నేనేం చేశానో తెలుసా? తల వంచుకున్నాను. వాళ్ళేమో అణకువ అనుకున్నారు.

ఇంటికెళ్ళేసరికి అమ్మకి తెలిసిపోయింది. అత్త ఫోన్ చేసిందట. పక్కింటావిడకి గుమ్మంలో నిలబడి చెప్తోంది, "మా అమ్మాయే ఆపిందండీ, ఫోన్‌లోంచి!" నేను చెప్పులు కూడా విప్పకుండా బాత్రూంలోకి దూరి, వినపడకుండా ఉండాలని కుళాయి తిప్పాను.

మర్నాడు స్టేషన్‌కి వెళ్ళగానే మేడమ్ గదిలోకి దూరాను. అత్త కూడా అక్కడే ఉంది. నాన్చితే నోరు పడిపోతుందని ఒకేసారి కక్కేశాను.

"గరగర బాబాయ్ చెయ్యి తగల్లేదు మేడమ్. కార్డే మారింది. మౌనాన్ని చూసి లైను పోయిందనుకుంది. వరస నేను సరిగ్గా పెట్టలేదు. తప్పు నాది."

మేడమ్ లేచి వెళ్ళి తలుపు వేసింది. తిట్టడానికేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. అమ్మగారు ఫోన్ చేశారు." అమ్మగారంటే పెద్దాయన భార్య. "రేడియో పక్కన కూర్చుని విన్నారట. చుట్టాలందరి ముందూ. ఇంక ఆ గొంతు మా స్టేషన్‌లో వినపడదని మాటిచ్చేశాను. ఆవిడ కాస్త శాంతించారు. ఇప్పుడు వెళ్ళి యంత్రం తప్పండీ అంటే ఏం మిగులుతుంది? ఆ మాటలన్నది యంత్రమా?"

"కానీ మేడమ్, ఆయన లోపల అనుకున్నారు, బయటికి పంపింది..."

"మైకు ముందు కూర్చున్నవాడు ప్రతి మైకూ తెరిచే ఉందనుకోవాలి," అంది అత్త. నా వైపు చూడలేదు. చీర కొంగు చివర మడతలు పెడుతూ, విప్పుతూ, మళ్ళీ పెడుతూ. "నాకు మొదటి రోజు నేర్పింది అదే. నేర్పింది కూడా ఆయనే, గరగర."

"మీ అత్త బాధ్యత తీసుకుంది గుర్తుందా?" అంది మేడమ్. "ఇది బయటికొస్తే అడిగేది నిన్ను కాదు. ఆవిడని. పోయేది ఆవిడ కుర్చీ."

అత్త అప్పుడు నా వైపు చూసింది. బతిమాలినట్టు చూసింది. ఇంతకాలంలో అత్త నన్నలా ఎప్పుడూ చూడలేదండీ. తలకొట్టేసినట్టయింది నాకు. సరే మేడమ్, అన్నాను.

ర్యాక్ గదిలోకి వచ్చి తలుపేసుకుని, వరస మార్చాను. నాలుగోది ముందు. రెండు సార్లు వేలితో తాకితే అయిపోయింది. అంతే పని. అంతే అని తెలిశాక ఇంకా ఏడుపొచ్చింది.

తలుపు తట్టారు. గరగర బాబాయ్. చేతిలో గుడ్డసంచి, అందులో ఆయన కప్పు, స్టూడియో కుర్చీలో వేసుకునే దిండు.

"ఏమ్మా, కేకలేసే ఇంజనీరూ, ఇవాళ ఏ దీపమూ వెలగలేదా?" అన్నాడు. నవ్వించాలని చూశాడు. నేను నవ్వలేదు. "నీకు చెప్పి వెళ్దామని వచ్చా. నువ్వు ఆపావు చూడు, అది మంచి పని. లేకపోతే ఇంకా వాగేవాణ్ణి."

"ఇంకేం అన్నారు బాబాయ్, తర్వాత?"

ఎందుకడిగానో తెలీదు. ఆయన సంచి కింద పెట్టాడు.

"ఏముంది. హాయి అనుకున్నాన్రా, కానీ పొద్దున్నుంచి చెవులు నొప్పి పుడుతున్నాయి, ఆ అరుపు లేక, అన్నా. ఒక్కసారి తిట్టరాదా స్వామీ అన్నా. తర్వాత మాట రాలేదు, ఏడ్చా. అందుకే రికార్డు బటన్ నొక్కనే లేదు."

నేను ర్యాక్‌ని పట్టుకున్నాను. అర్థమైందా మీకు? సగం మాట గాల్లోకి వదిలింది నా కార్డు. మిగతా సగం రాకముందే కోసేసింది నా వేలు. మేడమ్ మెచ్చుకున్న వేలు.

"మరి ఇది అమ్మగారితో చెప్పొచ్చు కదా బాబాయ్!"

"చెప్తే ఎవరు నమ్ముతారే? దొరికిపోయాక అతికించిన ముక్కలా ఉంటుంది. ప్రకటనల వాణ్ణి అడిగితే నాకేం గుర్తులేదంటున్నాడు. పాపం, నవ్వింది వాడు, వాడి భయం వాడిది." సంచి మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఒక్క సాయం చెయ్. సాయంత్రం ఆవిడ దగ్గరికెళ్ళి క్షమించమని అడగాలి. నేనొక్కణ్ణే వెళ్తే తలుపు తియ్యరు. ఆపిన పిల్లవి నువ్వు, నువ్వు పక్కనుంటే తీస్తారు."

కాదనడానికి నాకు మొహం ఎక్కడుందండీ?

వెళ్ళాం. తలుపు అమ్మగారే తీశారు. ముందు గదిలో రేడియో ఉంది, ప్లగ్ పీకేసి వైరు చుట్టిపెట్టారు. పెద్దాయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. బాబాయ్ కూడా కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడి, ఆ గొంతుతోనే, "తప్పయిపోయింది అమ్మగారూ," అన్నాడు.

"ఈ ఇంట్లో ఎన్ని సార్లు చెయ్యి కడిగావయ్యా నువ్వు?" అన్నారావిడ. కోపంగా కాదు, నెమ్మదిగా. "ఆయన నిన్ను తిట్టొచ్చిన రోజు రాత్రి నీ గురించే చెప్పి నవ్వేవారు. నాకు నీ క్షమాపణ అక్కర్లేదు. ఒక్కటి చెప్పు చాలు. నీ మనసులో ఉన్నది అదేనా?"

బాబాయ్ "నేనిప్పుడు ఏం చెప్పినా సాకులాగే ఉంటుందమ్మా," అన్నాడు.

ఆవిడ ఆయన వైపు చూడటం మానేసి నా వైపు తిరిగారు. నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నారు. చల్లగా ఉన్నాయి ఆ చేతులు.

"ఆపింది నువ్వేనటగా తల్లీ. నువ్వు ఆపకపోతే ఇంకేమేం వినాల్సి వచ్చేదో."

ఆవిడ వినాల్సిందే అదండీ. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు నేను ఆపేసిన సగంలోనే ఉంది. బాబాయ్ చెబితే సాకు. నేను చెబితే కాదు. కార్డు మధ్యలో ఎలా మారిందో, నేను మధ్యలో ఎలా కోశానో చెబితే, ఆ మాటకి ఇంకో సగం ఉందని ఆవిడ నమ్మొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కొంగు మడతలు పెడుతున్న అత్త చేతులు కళ్ళముందు మెదిలాయి. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా?

"పర్లేదండీ."

పర్లేదండీ అన్నాను! ఎవరో థాంక్స్ చెబితే అన్నట్టు! ఆ మాట అన్న నోటిని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

బయటికొచ్చాం. బాబాయ్ చెప్పులు వేసుకుంటూ, "పోన్లే, తలుపైతే తీశారు, అదే చాలు," అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి, స్కూటర్ తెస్తానని సందు చివరికి నడుచుకుంటూ వెళ్ళాడు. రేపటి నుంచి ఆయనకి వెళ్ళడానికి స్టేషన్ లేదు. ఊళ్ళో ఆ గొంతు ఎక్కడ వినపడినా జనం తల తిప్పుతారు, ఇప్పుడు ఇంకో రకంగా.

నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. అమ్మగారు తలుపు దగ్గరికి వేశారు కానీ గడియ పెట్టిన చప్పుడు రాలేదు. లోపల ఆవిడ నడుస్తున్న అడుగులు వినిపిస్తున్నాయి. నేను తలుపు తడితే అత్త కుర్చీ పోవచ్చు, తట్టకపోతే బాబాయ్ మనసులో అదే ఉందనుకుంటూ ఆవిడ మిగతా రోజులన్నీ గడిపేస్తారు. సందు చివర స్కూటర్ స్టార్టయింది, ఇటే వస్తోంది.

చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?